పద్నాలుగు అణాల లెక్క

ప్రతి ఏడాదీ బడ్జెట్ ప్రవేశపెట్టిన మర్నాడు మన వాడల్లో, హాస్టళ్ళలో, సంఘాల ఆఫీసుల్లో రెండు మాటలు వినబడతాయి. ఒకటి ప్రభుత్వం మాట: "జనాభా దామాషా ప్రకారం ఎస్సీలకు ఇన్ని వేల కోట్లు కేటాయించాం, కనక వాళ్ళకు న్యాయం జరిగింది." రెండోది మన మాట: "కేటాయించినదాంట్లో ఇంత ఖర్చు కాలేదు, కనక అది తినేశారు." రెండూ ఒక్క వాక్యంలో అయిపోయే వాదనలే. రెండింటికీ సభలో చప్పట్లు పడతాయి. రెండింటిలోనూ "కనక" అన్న మాటకు ముందున్న అంకె నిజమే కావచ్చు. ఆ అంకె నుంచి "కనక" తర్వాతి మాటకు దారి ఉందా లేదా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న ప్రభుత్వం అడక్కపోవడంలో వింత లేదు. మనం అడక్కపోతే నష్టపోయేది మన పిల్లలు. ఇది మేము అనుభవం మీద అంటున్నాం, ఆ సంగతి తర్వాత చెప్తాం.

బడ్జెట్ మీద చిన్న వాదన ఎలా చెయ్యాలో, అందులోంచి ఎంతవరకు తేల్చవచ్చో నేర్చుకోడానికి మనకు చాలా దగ్గరలోనే ఒక పాఠం ఉంది. 1927 మార్చి 12న బొంబాయి లెజిస్లేటివ్ కౌన్సిల్లో విద్యాశాఖ గ్రాంటు మీద చర్చ జరుగుతుంటే అంబేడ్కర్ లేచి మాట్లాడారు. నామినేటెడ్ సభ్యుడిగా ఆయన ఆ కౌన్సిల్లో కూర్చోవడం మొదలుపెట్టి అప్పటికి కొద్ది వారాలే. అంబేడ్కర్ అనగానే మనకు మహద్ చెరువు, పూనా ఒడంబడిక, రాజ్యాంగం గుర్తుకొస్తాయి. ఆయన పెద్ద చదువంతా సర్కారు డబ్బు లెక్కల చుట్టూ సాగిందన్నది మనవాళ్ళలోనే చాలామందికి పట్టదు. 1915లో కొలంబియాలో ఎం.ఏ. కోసం ఆయన రాసింది ఈస్టిండియా కంపెనీ పరిపాలన, ఆర్థిక వ్యవహారాల మీద. 1925లో లండన్లో అచ్చయిన పుస్తకం బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ ఎలా పుట్టి పెరిగిందన్నదాని మీద. ఏ పద్దు ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందో ఆ రోజు సభలో ఆయనకన్నా బాగా తెలిసినవాళ్ళు ఉన్నారా అన్నది మాకు అనుమానమే.

ఆయన వాదన ఇది. బొంబాయి రాష్ట్రంలో సర్కారు చదువు మీద తలకు 14 అణాలు ఖర్చు పెడుతోంది. అంటే రూపాయికి రెండణాలు తక్కువ. అదే సర్కారు ఆబ్కారీ పద్దు కింద, అంటే సారా, కల్లు మీద, తలకు రెండు రూపాయల పైచిలుకు వసూలు చేస్తోంది. తాగుడు మీద జనం దగ్గర ఎంత గుంజుతున్నారో కనీసం అంత జనం చదువు మీద పెట్టడం న్యాయం. అంతే.

ఈ మూడు వాక్యాల్లోంచి ఏం తేలుతుంది? మేము విద్యార్థుల అధ్యయన తరగతుల్లో ఈ వాదన ఇచ్చి అడిగినప్పుడల్లా రకరకాల జవాబులు వచ్చాయి. "తాగుడు పెరిగితే బడులు పెరుగుతాయన్నమాట" అన్నారు కొందరు. "సారా డబ్బు చదువు డబ్బే, దాన్ని వేరేవాటికి వాడటం దొంగతనం" అన్నారు మరికొందరు. "బొంబాయిలో ప్రతి మనిషికీ 14 అణాల చదువు అందింది" అన్న జవాబూ వచ్చింది. మూడూ ఆ వాదనలో లేవు.

మొదటిది చూడండి. ఆబ్కారీ ఆదాయాన్ని పెంచమని అంబేడ్కర్ అనలేదు. ఒక కొలబద్ద పెట్టారు: నువ్వు గుంజేది ఇంత, తిరిగి ఇచ్చేది ఇంత. కొలబద్దను పట్టుకుని, కొలిచే వస్తువును పెంచమన్నారంటే అది మన తొందర. రెండోదీ అంతే. సర్కారు ఖజానాలో పడ్డాక రూపాయికి ఊరూ పేరూ ఉండవు. ఇవాళ మన రాజ్యాంగం 266వ అధికరణం కింద కూడా రాష్ట్ర ఆదాయమంతా ఒకే సంచిత నిధిలోకి పోతుంది, చట్టసభ అనుమతి లేకుండా అందులోంచి పైసా తీయకూడదు. సారా మీద వచ్చింది సారా డబ్బుగా అక్కడ విడిగా కూర్చుని ఉండదు. కాబట్టి ఆయనది న్యాయాన్యాయాల వాదన. దాన్ని ఖాతాల వాదనగా మార్చేస్తే ఆర్థికశాఖ గుమాస్తా సైతం నిమిషంలో కొట్టిపారేస్తాడు.

ఆ రెండు పద్దులే ఆయన ఎందుకు పక్కపక్కన పెట్టారన్నది చరిత్రలో చూడాల్సిన సంగతి. 1919 చట్టంతో వచ్చిన ద్వంద్వ పాలనలో విద్య, ఆబ్కారీ రెండూ మంత్రుల చేతికి వచ్చిన శాఖలు. ఆర్థికశాఖ మాత్రం గవర్నరు కార్యవర్గం చేతిలో ఉండిపోయింది. బడి పెట్టాలంటే మంత్రికి డబ్బు కావాలి, ఆ డబ్బు ఎక్కువగా సారా కొట్టు మీంచి రావాలి. మద్యం వద్దంటే బడికి డబ్బులేదు, బడి కావాలంటే మద్యం పోయించాలి. ఈ ఇరకాటం పాలకులు కట్టినది. జనానికి అది ప్రకృతి ధర్మంలా కనబడుతుంది. తర్వాత మన దగ్గరా అదే చూశాం.

ఇక మూడో జవాబు. మాకు అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. తలకు 14 అణాలు అన్నది సగటు. సగటులో తల ఉంటుంది గానీ ఏ తల అన్నది ఉండదు. మొత్తాన్ని జనాభాతో భాగించినప్పుడు పూనాలో కాలేజీ చదివే బ్రాహ్మడి కొడుకూ, కొంకణంలో పశువుల్ని తోలే మహర్ పిల్లా ఒకే లెక్కలో పడతారు. సభలో ఇంకొకరు ఎవరైనా అయితే 14 అణాలూ రెండు రూపాయలూ చెప్పి కూర్చునేవాళ్ళేమో. అంబేడ్కర్ కూర్చోలేదు. అదే ఉపన్యాసంలో ఆ సగటును తనే బద్దలు కొట్టారు.

అప్పటి బొంబాయి విద్యాశాఖ జనాన్ని నాలుగు తరగతులుగా విడగొట్టింది: ముందున్న హిందువులు, మధ్యతరగతి కులాలు, వెనకబడినవాళ్ళు, ముస్లిములు. అస్పృశ్యులూ, కొండజాతులూ, నేరస్త జాతులని ముద్ర వేసినవాళ్ళూ మూడో తరగతిలో. ప్రాథమిక చదువులో వెయ్యిమంది జనాభాకు ముందున్న హిందువుల్లో 119 మంది విద్యార్థులు, ముస్లిముల్లో 92, మధ్యతరగతి కులాల్లో 38, వెనకబడినవాళ్ళలో 18. ఇవి సభ ముందు ఆయన పెట్టిన అంకెలు. జనాభాలో ఎక్కువున్నవాళ్ళ వరస చూస్తే మధ్యతరగతి కులాలది మొదటి స్థానం, వెనకబడినవాళ్ళది రెండు, ముస్లిములది మూడు, ముందున్న హిందువులది చివరి స్థానం. బడి దగ్గరికొచ్చేసరికి చివరివాళ్ళు మొదట, రెండోవాళ్ళు చివర. కాలేజీలకు పోతే ముందున్న హిందువుల్లో రెండు లక్షల జనాభాకు వెయ్యిమంది. వెనకబడినవాళ్ళలో దాదాపు సున్నా.

ఇప్పుడు ఈ అంకెల్ని 14 అణాలతో కలిపి చదివితే ఎంతవరకు తేల్చవచ్చు? బడిలో కూర్చున్న ప్రతి పిల్లవాడి మీదా సర్కారు సమానంగానే ఖర్చు పెడుతోందని ఒప్పుకుందాం. ఒప్పుకుంటున్నాం అన్నది గుర్తుంచుకోండి, అది ఆ అంకెల్లో లేదు, మనం పెట్టుకుంటున్నది. అప్పుడు వెనకబడినవాళ్ళ వెయ్యిమందికి ఒక రూపాయి చేరితే, ముందున్న హిందువుల వెయ్యిమందికి ఆరున్నర రూపాయల పైన చేరుతుంది. 119ని 18తో భాగించి చూసుకోండి. పైగా ఇది ప్రాథమిక బడుల వరకే. కాలేజీ విద్యార్థి మీద ఖర్చు ప్రాథమిక బడి పిల్లవాడి మీద ఖర్చుకన్నా ఎక్కువే ఉంటుంది కాబట్టి, అసలు తేడా ఆరున్నర రెట్లకు తక్కువ ఉండదని చెప్పవచ్చు. ఎంత ఎక్కువో మాత్రం ఈ అంకెలు చెప్పవు. అక్కడ ఆగాలి. ఆగడం బలహీనత అనుకుంటారు మన కార్యకర్తలు. ఆరున్నరను పదిరెట్లు చేసి అరిచేవాడికన్నా, "ఆరున్నరకు తగ్గదు, కాదంటే మీ లెక్క చూపించండి" అన్నవాడికి జవాబు చెప్పడం కష్టం.

ఇంకొకటి. బడిలో చేరిన నూరుమంది పిల్లల్లో నాలుగో తరగతికి చేరేది 18 మందే, మిగతా 82 మంది మళ్ళీ నిరక్షరాస్యతలోకి జారిపోతున్నారని ఆయన అదే రోజు చెప్పారు. దాన్ని చూపించి "వీళ్ళకు చదువు అబ్బదు, డబ్బు దండగ" అని తేల్చేవాళ్ళు ఆ రోజూ ఉన్నారు, ఈ రోజూ ఉన్నారు. అంబేడ్కర్ ఆ అంకె నుంచే రెండో వైపుకి నడిచారు. బడిలోకి వచ్చిన పిల్లవాడు చదవడం రాయడం నిలబడేదాకా బడిలో ఉండాలి, అప్పుడే పెట్టిన డబ్బుకు అర్థం, కనక ఇంకా ఎక్కువ పెట్టాలి. అంకె ఒకటే. దానికి జోడించే మాట వేరు. ప్రాథమిక బడి దేనికోసం అన్నది ముందే చెప్పకపోతే 82 అన్న అంకె ఎవరు ఎటు లాగితే అటు పోతుంది.

ఆ ఉపన్యాసం ఇచ్చిన ఎనిమిదో రోజు, 1927 మార్చి 20న, ఆయన వేలమందితో కలిసి మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగారు. ఈ రెంటినీ మన పుస్తకాలు వేర్వేరు అధ్యాయాల్లో పెడతాయి. మా దృష్టిలో రెండూ సర్కారు డబ్బు మీద జరిగిన ఒకే వాదన. ఎలాగంటే, 1923 ఆగస్టులో ఎస్.కె. బోలే అనే సభ్యుడు అదే బొంబాయి కౌన్సిల్లో ఒక తీర్మానం నెగ్గించారు. ప్రజల డబ్బుతో కట్టిన, ప్రజల డబ్బుతో నడిచే నీటివనరులూ, బావులూ, సత్రాలూ, బడులూ, ఆస్పత్రులూ అస్పృశ్యులు కూడా వాడుకోవచ్చని. ఇదీ చిన్న వాదనే: ఇది ప్రజల డబ్బు, మేమూ ప్రజలం, కాబట్టి ఇది మాది కూడా. ఇందులో ఏ దోషమూ లేదు. 1924 జనవరిలో మహద్ మునిసిపాలిటీ తన చెరువు అందరికీ తెరిచామని కాగితం మీద రాసింది కూడా. అయినా 1927 దాకా ఆ నీళ్ళు ఎవరూ ముట్టలేదు. ముట్టినరోజు దెబ్బలు పడ్డాయి, చెరువుకు శుద్ధి చేశారు, అదే ఏడాది ఆగస్టులో మునిసిపాలిటీ తన తీర్మానం వెనక్కి తీసుకుంది. కోర్టులో తేలేసరికి 1937 మార్చి. "మీకు హక్కు ఉంది" అన్నది సరిగ్గా తేలిన మాట. దాన్నుంచి "మీకు నీళ్ళు అందాయి" అన్నది తేలదు. ఈ రెండు మాటల మధ్య దూరం 1924 నుంచి 1927 దాకా మూడేళ్ళు.

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. అక్కడా సర్కారు ఆదాయంలో పెద్ద భాగం ఆబ్కారీదే. 1937లో రాజగోపాలాచారి మంత్రివర్గం సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టి, 1938లో దాన్ని చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చింది. ఆదాయం పోయింది. పోతే ఏం చేశారు? బడులు మూసుకోలేదు, 1939లో అమ్మకం పన్ను చట్టం తెచ్చారు. ఆ పన్ను పేదవాడి ఉప్పూ పప్పూ మీద కూడా పడింది, అదంత గొప్ప న్యాయమేమీ కాదు. యుద్ధకాలంలో మద్యనిషేధాన్ని పక్కనపెట్టారు గానీ అమ్మకం పన్నును మాత్రం ఎవరూ వదులుకోలేదు.

ఈ పాత సంగతి ఎందుకంటే, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమంలో దళితవాడల ఆడవాళ్ళు ముందు వరసలో నిలబడ్డప్పుడు వాళ్ళకు ఎదురైన జవాబు కూడా బడ్జెట్ జవాబే: సారా ఆదాయం పోతే సంక్షేమం ఎక్కడినుంచి? 1993 అక్టోబరులో సారా ఆగింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1996లో రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది. 1997లో మద్యం తిరిగొచ్చింది. "ఆదాయం పోయింది, కనక సంక్షేమం తగ్గాలి" అన్నారు. ఈ "కనక" నిలబడాలంటే మధ్యలో ఇంకో మాట ఉండాలి: ఆదాయానికి వేరే దారి లేదు అని. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. అనుంటే 1939 మద్రాసు చట్టమే దాన్ని అబద్ధం చేసేది. దారులున్నాయి. భూమి ఉన్నవాడి మీద, కాంట్రాక్టరు మీద పోయే దారిని ఎంచుకోలేదు, అంతే. చిన్న వాదనల్లో చెప్పకుండా వదిలేసిన మాట దగ్గరే ఎప్పుడూ అసలు రాజకీయం ఉంటుంది.

మద్రాసు రాష్ట్రంలోనే ఇంకొక సంగతి ఉంది. 1920 ప్రాంతంలో లేబర్ కమిషనర్ కింద అణగారిన కులాల కోసం విడిగా పనులు మొదలుపెట్టారు. ఇళ్ళ స్థలాలు, బావులు, బడులు. మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో ముసలివాళ్ళు "లేబర్ స్కూలు" అనేది దీన్నే. ఆ బడుల్లోనే మన మొదటి తరం అక్షరాలు దిద్దింది, దాన్ని తక్కువ చెయ్యలేం. కాకపోతే మనకంటూ ఒక పద్దు ఉంది కాబట్టి పెద్ద పద్దులో మన వాటా కూడా ఇచ్చేసినట్టే అన్న భావం అధికారుల్లో అప్పటినుంచీ స్థిరపడిందని మేము అనుకుంటాం. విద్యాశాఖ పెద్ద కుండ, లేబర్ శాఖ చిన్న ముంత. ముంత మన చేతిలో పెట్టి కుండ దగ్గరికి రావద్దన్నారు.

ప్రత్యేక అంగభూత ప్రణాళిక పుట్టింది ఈ కుండ ముంతల లెక్కను మార్చడానికే. గిరిజన ఉపప్రణాళిక ఐదో పంచవర్ష ప్రణాళికలో వచ్చింది. ఎస్సీల కోసం స్పెషల్ కాంపొనెంట్ ప్లాన్ 1979-80లో మొదలైంది. దీని వెనక ఎక్కువ శ్రమ ఆంధ్రప్రదేశ్ కేడర్ అధికారి పి.ఎస్. కృష్ణన్‌ది. 1980 మార్చిలో ఇందిరాగాంధీ దీని గురించి ముఖ్యమంత్రులకు ఉత్తరం రాసింది. ఆలోచన సూటిగా ఉంది. సాంఘిక సంక్షేమశాఖ ముంత చాలదు. వ్యవసాయం, నీటిపారుదల, పరిశ్రమలు, విద్య, ప్రతి శాఖా తన సొంత ప్రణాళిక డబ్బులోంచి ఎస్సీల జనాభా దామాషాకు తగ్గకుండా తీసి వాళ్ళకు చేరే పనులకు పెట్టాలి. బడ్జెట్ పుస్తకాల్లో దీనికి 789 అనే మైనర్ హెడ్ ఉంది, గిరిజనులది 796. జీవో కావాలన్నా దొరకని ఊళ్ళో కూడా ఈ రెండు నంబర్లూ గుర్తున్న కార్యకర్త ఒక్కడుంటే చాలు.

మూడు దశాబ్దాలు అది ఆదేశాలతోనే నడిచింది, అంటే నడవలేదు. 2010లో ఢిల్లీ ప్రభుత్వం కామన్‌వెల్త్ క్రీడల పనులకు ఈ డబ్బును మళ్ళించిన సంగతి బయటపడి, ఆ ఏడాది ఆగస్టులో అప్పటి హోంమంత్రి చిదంబరం అది తప్పేనని రాజ్యసభలో ఒప్పుకోవాల్సి వచ్చింది. మన దగ్గర దళిత, గిరిజన సంఘాలు, విశ్రాంత అధికారులు కలిసి చేసిన పోరాటంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది. 2013 జనవరి నుంచి అమల్లోకొచ్చిన ఈ చట్టం దేశంలోనే మొదటిది. దాని గడువు పదేళ్ళు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మరో పదేళ్ళు పొడిగించారు. తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి పేరుతో వేరే చట్టం చేసి, ఒక ఏడాది ఖర్చు కాని మేరకు మరుసటి ఏడాది కలపాలన్న నిబంధన చేర్చారు.

ఇక మొదట్లో చెప్పిన ప్రభుత్వం మాటకు వద్దాం. "జనాభా దామాషాలో కేటాయించాం, కనక న్యాయం జరిగింది." 2011 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో ఎస్సీలు నూటికి 16కు పైన. సరే, నూటికి 16. దేంట్లో నూటికి? మొదటినుంచీ అది ప్రణాళికా వ్యయంలో నూటికి 16. జీతాలు, పెన్షన్లు, పోలీసులు, వడ్డీలు పోయే ప్రణాళికేతర వ్యయం ఆ లెక్క బయటే ఉంది. మొత్తం బడ్జెట్‌లో చూస్తే ఆ వాటా చాలా చిన్నదైపోతుంది. 2017-18 నుంచి ప్రణాళిక, ప్రణాళికేతరం అన్న విభజననే ఎత్తేశారు. తెలంగాణలో ప్రగతి పద్దు, నిర్వహణ పద్దు అన్నారు. అంటే భాగించే అంకెను ఎంచుకునే అధికారం ఇప్పుడు భాగం ఇచ్చేవాడి చేతిలోనే ఉంది. హారం మారిన రెండు ఏళ్ళ శాతాలను పక్కపక్కన పెట్టి పెరిగిందనో తగ్గిందనో అనడం కుదరదు. మన పత్రికల్లోనూ అది జరుగుతోంది.

తర్వాత, కేటాయింపు అంటే ఏమిటి? 2013 చట్టంలోనే విడదీయరాని మౌలిక వసతుల పనుల విషయంలో ఖర్చులో ప్రభుత్వం నిర్ణయించిన కొంత భాగం ఉపప్రణాళిక కింద పెట్టినట్టు భావించాలని ఉంది. భావించాలి! పెద్ద ప్రాజెక్టు కాలవ మాగాణికి పోతుంది. మాగాణి ఎవరిదో అందరికీ తెలుసు. ఆ కాలవలో కొంత వాటా దళితులకు చేరినట్టు పుస్తకంలో భావిస్తారు. ఇలా భావించిన రూపాయీ, హాస్టల్ పిల్లవాడి కంచంలోకి పోయిన రూపాయీ ఒకే మొత్తంలో కూడతారు. కనక ఆ మొత్తం ఎంత పెద్దదైనా, దాన్నుంచి "ఇంత దళితులకు చేరింది" అన్నది తేలదు. "దళితుల పేరు మీద ఇంత రాశారు" అన్నంతవరకే తేలుతుంది. ఆ రెండో వాక్యం కూడా మనకు పనికొస్తుంది, దాంతో ప్రశ్న మొదలుపెట్టవచ్చు.

మన మాట సంగతేమిటి? "ఖర్చు కాలేదు, కనక తినేశారు." ఖర్చు కాకపోవడానికి ఎన్ని దారులున్నాయో చూడండి. బడ్జెట్‌లో రాసి విడుదల ఉత్తర్వు ఇవ్వకపోవచ్చు. విడుదలై పి.డి. ఖాతాలో పడి అక్కడే ఉండిపోవచ్చు. బిల్లు పెట్టినా ట్రెజరీలో ఆగిపోవచ్చు. శాఖే అసలు పథకం తయారుచేయక మార్చి 31న సరెండర్ చేసి ఉండవచ్చు. ఢిల్లీలోలా ఇంకో పనికి మళ్ళించి ఉండవచ్చు. చివరిదాంట్లో మాత్రమే "మళ్ళించారు" అన్న మాట నిలుస్తుంది. తినేశారనడానికి అది కూడా చాలదు, ఇంకా సాక్ష్యం కావాలి. మిగతా ప్రతిదాంట్లోనూ అన్యాయం ఉంది. కానీ అన్యాయం చేసినవాడు వేరు, ధర్నా చేయాల్సిన గుమ్మం వేరు.

గుమ్మం ఎందుకంటున్నామో ఇప్పుడు చెప్తాం. కొన్నేళ్ళ కిందట మేము ఒక జిల్లాలో బాలికల హాస్టళ్ళ మెస్ చార్జీల మీద కరపత్రం వేశాం. ఒక పక్క ఆ ఏడాది బడ్జెట్ అంచనా, ఇంకో పక్క అంతకు ముందటి ఏడాది వాస్తవ ఖర్చు పెట్టి, తేడా అంతా మింగేశారని పెద్దక్షరాల్లో రాశాం. పది హాస్టళ్ళ పిల్లల్ని తీసుకుని సంక్షేమశాఖ ఆఫీసు ముందు కూర్చున్నాం. మమ్మల్ని లోపలికి పిలిచారు. అక్కడ అధికారి కరపత్రం నిదానంగా చదివి ఒకే ప్రశ్న వేశాడు. "ఈ రెండంకెలూ ఒకే ఏడాదివేనా?" గదిలో ఒకరిద్దరు నవ్వారు. మా దగ్గర జవాబు లేదు. నాలుగు నెలలుగా బిల్లులు రాక కిరాణా కొట్టతను అరువు ఆపేశాడనీ, పిల్లలు పప్పునీళ్ళతో తింటున్నారనీ, అసలు మేము వచ్చిందే అందుకనీ ఆ తర్వాత చెప్పినా ఎవరి చెవికీ ఎక్కలేదు. బయట ఎండలో కూర్చున్న ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె, "అన్నా, ఏమన్నారు?" అని అడిగింది. ఆ ప్రశ్న మాకు ఇప్పటికీ గుర్తుంది.

రెండోసారి వెళ్ళడానికి మూడు వారాలు పట్టింది. ఈసారి కరపత్రం లేదు, ఒక తెల్ల కాగితం మీద నాలుగు గడులు. అదే ఏడాది, అదే పద్దు. అంచనా ఎంత, విడుదల ఉత్తర్వు ఎంతకు వచ్చింది, హాస్టళ్ళనుంచి బిల్లులు ఎంతకు వెళ్ళాయి, ట్రెజరీలో ఎంత పాసయింది. మొదటి మూడూ దాదాపు సమానంగా ఉన్నాయి. నాలుగోది రెండు నెలల దగ్గర ఆగిపోయింది. సంక్షేమశాఖ బిల్లులు పంపింది, ట్రెజరీ పైనుంచి వచ్చిన ఆంక్ష పేరుతో ఆపింది. మేము మొదటిసారి గొంతు చించుకున్నది వేరే గుమ్మం ముందన్నమాట. ట్రెజరీ ఆఫీసు అక్కడికి రెండు వీధుల అవతలే ఉంది. కాగితం పట్టుకుని అటు నడిచాం. పదకొండు రోజుల తర్వాత బిల్లులు పాసయ్యాయి. అప్పటికి పిల్లలు పరీక్షల్లో కూర్చుని ఉన్నారు.